బోలు నేల

మున్సిపాలిటీ మ్యాపులో మా ఊరి సగం మీద
ఎర్ర గీతలు గీసి ఉంటాయి.
ఆ గీతల్లో ఎవరైనా ఇల్లు కట్టాలంటే
ముందు నన్ను పిలవాలి.
నా పేరు వర్దియా. నేలకు చెవి ఆన్చడం నా ఉద్యోగం.

డ్రిల్లు దిగుతుంది. బంకమట్టి, సున్నపు మట్టి, మళ్ళీ బంకమట్టి.
ఉన్నట్టుండి రాడ్డుకు బరువు పోతుంది,
చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలు వేసినట్టు.
"బోలు" అని రాసుకుంటాను.
పక్కన లోతు రాసుకుంటాను.

ఇక్కడ జిప్సం ఉండేది.
తవ్వారు, బట్టీల్లో కాల్చారు, బస్తాలకెత్తారు.
గుర్రబ్బళ్ళ మీద, ఆ తర్వాత కాలువ పడవల మీద
పదకొండు కిలోమీటర్లు వెళ్ళి అది
పారిస్ పడకగదుల పైకప్పుల్లో గులాబీలై పూసింది.
వెల్లకిలా పడుకున్న ప్రతివాళ్ళూ
నిద్ర పట్టేదాకా మా ఊరినే చూసేవాళ్ళు,
చూస్తున్నది ఏమిటో తెలీదంతే.

తవ్విన చోట పైన మట్టి కప్పి బేరి చెట్లు పెంచారు.
గోడలకు అల్లించిన చెట్లు, కాగితం సంచి తొడిగిన కాయలు.
తొంభై ఒకటో ఏట గిస్లేన్ అవ్వకి
నిన్న ఏం తిన్నదో గుర్తుండదు,
ఆ సంచుల చప్పుడు మాత్రం గుర్తే.
తర్వాత బోల్టుల ఫ్యాక్టరీ. దాని వెనక రేకుల గుడిసెలు.

మా నాన్న మొక్రాన్ కబీలియా కొండల్లోంచి వచ్చి
ఆరు చలికాలాలు ఆ రేకుల కింద గడిపాడు.
బస్టాపు దగ్గర పొదలో ఇంకో జత బూట్లు దాచుకునేవాడట.
మా ఊరి బురద
పారిస్ మెట్రో మెట్లు ఎక్కకూడదని.

నేల విడిచి సాము చేయకూడదంటారు.
మా కింద నేలే తప్పుకుని ఎన్నాళ్ళో అయింది,
అయినా పద్నాలుగంతస్తులు లేపారు.
చెట్లన్నీ కొట్టేశాక బ్లాకుకి "బేరితోట" అని పేరు పెట్టారు.
వేడినీళ్ళు వచ్చిన మొదటిరోజు
అమ్మ కొళాయి కట్టేయనివ్వలేదు, చూస్తూ కూర్చుంది.

ఫ్యాక్టరీ మూతపడింది. లిఫ్టు ఆగింది.
లిఫ్టుకి నోటీసు అంటించారు,
ఫ్యాక్టరీకి అదీ లేదు.
జియాబా తెల్లవారుజామున నాలుగూ యాభై బస్సుకి
తొమ్మిదంతస్తులు దిగి వెళ్ళేది, ఎవరివో ఆఫీసులు తుడవడానికి.
మా తమ్ముడు మాసీన్ దరఖాస్తుల మీద
అత్తయ్య వాళ్ళ పోస్టల్ కోడ్ రాసేవాడు.
ఒకే పోలీసు ఒకే వారంలో మూడుసార్లు
వాడిని పేరడిగాడు.
మూడోసారి వాడే ముందు అడిగాడు: "మీ పేరేమిటి సార్?"
ఆ రాత్రి స్టేషన్‌కి వెళ్ళి తీసుకొచ్చాం.

ఇప్పుడు బేరితోటని కూలుస్తున్నారు.
పేల్చడానికి లేదు, కింద బోలు. అది నేను రాసిన రిపోర్టే.
కాబట్టి క్రేను కొరుకుతోంది, కొంచెం కొంచెంగా,
పళ్ళు లేనివాడు రొట్టె తిన్నట్టు.
దియోలిందా మడతకుర్చీ తెచ్చుకుని మధ్యాహ్నమంతా చూస్తుంది.
ఇరవై రెండేళ్ళు ఆ మెట్లు కడిగిన మనిషి.
మంగళవారం తొమ్మిదో అంతస్తు తెరుచుకుంది.
గాల్లో మా వంటగది గోడ,
అమ్మ అంటించిన పసుప్పచ్చ కాగితం,
క్యాలెండరు మేకు.
ఇల్లంటే అంత చిన్నదా అనిపించింది,
ఇంతమంది ముందు అలా నిలబెట్టారని సిగ్గేసింది.

కాంక్రీటుని మరలో పొడి చేసి
నలభై ఏడో నంబరు బోరులోకి పోస్తున్నారు.
ఎన్ని ఘనపు మీటర్లో లెక్క చూసి సంతకం పెట్టేది నేనే.

నాన్న చూడ్డానికి వచ్చాడు.
కర్ర ఆనించి గొయ్యి మీదికి వంగాడు.
లోపల గులకరాళ్ళ వాన.
"నిండిందా?"
"ఇంకా లేదు నాన్నా."
"ఎంత పడుతుంది?"
చెప్పాను. నమ్మలేదు.

బస్సొచ్చింది. ఆయన బూట్లు తెల్లగా ఉన్నాయి.
జేబులో రుమాలుంది, నాకు తెలుసు.
తియ్యలేదు.